అందరూ తల చూశారు, రెఫరీ చెయ్యి చూశాడు

ఆ తెల్ల డ్రెస్‌ని వేడినీళ్ళలో నానబెట్టింది నేనే. ఈ ముచ్చటలో మిగతా అందరి మీదా నాకు కొంచెం కోపం ఉంది గనక, ముందు నా ఖసూర్ నేను ఒప్పుకోవడం ఇన్సాఫ్.

మా చెల్లెలి కూతురు తొమ్మిదో తరగతి. ఇంట్లో అందరం చోటీ అంటాం. వాళ్ళ అమ్మానాన్నలు ఉండేది పల్లెలో. హైస్కూల్ చదువు కోసం రెండేళ్ళుగా కర్నూల్లో మా ఇంట్లోనే ఉంటోంది. ఒకసారి వాళ్ళ స్కూల్లో ఆడపిల్లలకి నెల రోజులు జూడో నేర్పించారు. ఎవరైనా మీదికొస్తే కాపాడుకోవడానికి అని చెప్పి షురూ చేశారు. నెల అయిపోయింది, మిగతా పిల్లలు మానేశారు. ఇది మానలేదు. సాయంత్రం ట్యూషన్‌కి పంపితే దారిలోనే ఉన్న జూడో హాల్‌కి పోయి, చెమటతో ఇంటికొచ్చి, "ఖాలా, ఈ రోజు పడటం నేర్చుకున్నా" అనేది. పడటం నేర్చుకోవడమేంట్రా, అది పుట్టినప్పట్నుంచీ వచ్చేదే కదా అని మా అమ్మీ నవ్వేది.

కాదట. జూడోలో మొట్టమొదట నేర్పేది పడటమే. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, పడే క్షణంలో అరచేతులతో చాపని గట్టిగా కొట్టాలి. దెబ్బ తలకి పోకుండా చేతులు తీసుకుంటాయి. ఉకెమి అంటారు దాన్ని. మా వరండాలో పాత బొంత పరిచి చోటీ ధబ్ ధబ్ అని పడుతుంటే, పక్కింటివాళ్ళు నేనేదో పిల్లని బాదుతున్నానని అనుకున్నారు కొన్నాళ్ళు.

ఆ తర్వాత డ్రెస్ వచ్చింది. జూడోగి అంటారు. మామూలు బట్ట కాదది. బొంతలా కుట్టిన మందపాటి నూలు. తడిస్తే బకెట్ ఎత్తలేం. మొదటిసారి ఉతికి ఆరేసినప్పుడు అమ్మీ చూసి "యా అల్లా, ఎహ్రామ్ ఎవరిది?" అంది. హజ్‌కి పోయేవాళ్ళెవరో వచ్చారనుకుంది పాపం.

*

సచ్ చెప్పాలంటే ఆ డ్రెస్ చూశాకే నాకు ఈ ఆట మీద మనసు కలిగింది. అది బట్ట మీద నడిచే ఆట. 1882లో జిగోరో కానో అనే ఆయన జపాన్లో మొదలుపెట్టాడు. కొట్టడం లేదు, తన్నడం లేదు. ఎదుటి మనిషి కాలర్ ఒక చేత్తో, చేతి గుడ్డ ఇంకో చేత్తో పట్టుకుని, వాళ్ళ బరువుని వాళ్ళ మీదికే తిప్పి పడేయాలి. వీపు మీద బలంగా, వేగంగా పడేస్తే ఇప్పన్. అంతే, ఆట ఖతం. నేల మీద ఇరవై సెకన్లు అణిచి పట్టుకున్నా ఇప్పనే. బట్ట దొరికితేనే ఆట, దొరక్కపోతే లేదు.

అందుకే రూల్స్ అంత కడక్‌గా ఉంటాయి. చేతులు ముందుకి చాపితే గుడ్డ మణికట్టు దాకా రావాలి. ప్యాంటు చీలమండ దగ్గరికి రావాలి. కోటు పిరుదుల కిందికి దిగాలి. బెల్టు నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు, ముడి వేశాక కొసలు ఇరవై నుంచి ముప్ఫై సెంటీమీటర్లు వేలాడాలి. మగవాళ్ళు లోపల ఏమీ వేసుకోరు. ఆడవాళ్ళు మాత్రం గుండ్రటి మెడ ఉన్న తెల్ల టీషర్టు వేసుకుని తీరాలి, అదీ ప్యాంటులోకి దోపుకునేంత పొడవుది. చెయ్యి పొట్టిగా ఉంటే ఎదుటివాళ్ళకి పట్టు దొరకదు, అది మోసం కింద లెక్క. కొలవడానికి ఒక పనిముట్టే ఉంది, సొకుతెయికి అని.

ఇదంతా చోటీ చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. మొహల్లాలో ఎవరైనా ఆటల మాట ఎత్తగానే ఆడపిల్లల లిబాస్ మీదే కదా మొదటి సవాల్. ఇక్కడ చూస్తే మెడ నుంచి మణికట్టు దాకా, చీలమండ దాకా కప్పుకోకపోతే ఆడనివ్వరట! మా పెద్దమ్మ ఖాందాన్లో ఇంతకన్నా పర్దా ఎక్కడుంది అనుకున్నా.

మిగిలింది తల ఒక్కటే. అంతర్జాతీయ రూల్ ప్రకారం జుట్టు మెత్తటి రబ్బర్ బ్యాండ్‌తో కట్టుకోవాలి, వైద్యానికి కట్టే కట్టు తప్ప తల మీద ఏ గుడ్డా ఉండకూడదు. చోటీ ఏడో తరగతి నుంచి స్కార్ఫ్ కట్టుకుంటోంది. ఎవరూ చెప్పలేదు. వాళ్ళ సహేలీలు ముగ్గురు కట్టుకున్నారు, ఇదీ కట్టుకుంది. హాల్లో అందరూ ఆడపిల్లలే గనక ప్రాక్టీస్‌కి ఈతకొలను టోపీలాంటిది ఒకటి తొడుక్కునేది. సార్ ఏమీ అనలేదు. అలా ఏడాదిన్నర గడిచింది. ఆఖరికి జిల్లా పోటీలొచ్చాయి.

*

ఆ టోపీ చూసినప్పుడల్లా నాకు ఒక పాత సాయంత్రం యాదికొస్తుంది. 2012 ఆగస్టు 3, జుమ్మా. రంజాన్ నెల. ఇఫ్తార్ అయ్యి, దస్తర్‌ఖాన్ ఇంకా ఎత్తలేదు. టీవీలో లండన్ ఒలింపిక్స్ వార్తలు. చోటీ అప్పుడు చెల్లెలి ఒళ్ళో పాలపిల్ల. తెర మీద ఒక అమ్మాయి, తెల్ల డ్రెస్, తల మీద బిగుతైన నల్ల టోపీ. పేరు వొజ్‌దాన్ షహర్‌ఖానీ. సౌదీ నుంచి. వయసు పదహారు.

ఆ ఏడాదే సౌదీ మొదటిసారి ఒలింపిక్స్‌కి ఆడవాళ్ళని పంపింది. ఇద్దరిని. ఇంకో అమ్మాయి సారా అత్తార్ ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తింది. వొజ్‌దాన్ వాళ్ళ అబ్బా జూడో రెఫరీ. ఆయన దగ్గరే రెండేళ్ళు నేర్చుకుంది. ఒలింపిక్స్‌లో ఆడేవాళ్ళు మామూలుగా బ్లాక్ బెల్ట్‌లు, ఈ పిల్లది బ్లూ బెల్ట్. పోటీల్లో గెలిచి రాలేదు, ఒలింపిక్ కమిటీ ప్రత్యేకంగా పిలిస్తే వచ్చింది.

ఆట మొదలవడానికి ముందే పెద్ద తమాషా అయిపోయింది. జూడో సంఘం వాళ్ళు హిజాబ్‌తో ఆడనివ్వం, మెడకి చుట్టుకుంటే ప్రమాదం అన్నారు. సౌదీ వాళ్ళు తల కప్పుకోకపోతే పంపం అన్నారు. తీయమంటే తప్పుకుంటుందని వాళ్ళ అబ్బా చెప్పాడు. ప్రపంచంలోని పత్రికలన్నీ ఆ పిల్ల తల గురించి రాశాయి. చివరికి మధ్యేమార్గం దొరికింది. మెడ చుట్టూ గుడ్డ లేని బిగుతైన టోపీ.

డెబ్భై ఎనిమిది కేజీల పై విభాగం. ఎదురుగా ప్యూర్టో రికో మెలిస్సా మొహికా. అప్పట్లో ఆట ఐదు నిమిషాలు. 82 సెకన్లలో వొజ్‌దాన్ వీపు నేలకి తగిలింది. ఇప్పన్. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు చూసి మా చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. అబ్బా మాత్రం ఖామోష్‌గా ఖర్జూరం గింజలు ఏరుతూ "బిచారీ" అన్నాడు. అంతే. అది జాలో, అభిమానమో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయనా ఇప్పుడు లేడు అడగడానికి.

తర్వాత చదివితే తెలిసింది, సొంత దేశంలోనే ఇంటర్నెట్‌లో ఆ పిల్లని నోటికి రాని మాటలన్నారని. మగవాళ్ళ ముందు ఆడిందని. అటు పడమటి వైపు వాళ్ళేమో టోపీతో వచ్చిందని. రెండు వైపులా తిట్టినవాళ్ళలో ఒక్కడికైనా ఆమె ఏ పట్టుకి పడిపోయిందో తెలిసి ఉంటుందా?

అదే ఒలింపిక్స్‌లో మన హిందుస్తాన్ నుంచి జూడో ఆడింది ఒకే ఒక్క మనిషి. గరిమా చౌదరి, అరవై మూడు కేజీలు. ఆమె కూడా మొదటి ఆటలోనే ఓడిపోయింది, జపాన్ యోషియే ఉయెనో చేతిలో. ఉయెనో అప్పటికే రెండుసార్లు ప్రపంచ చాంపియన్. గరిమా ఓటమి మీద ఎవరూ బహస్ పెట్టలేదు. ఓడింది, ఇంటికొచ్చింది, మళ్ళీ ప్రాక్టీస్‌కి పోయింది. ఆడేవాళ్ళకి ఉండాల్సిన మామూలు హక్ అది. మామూలుగా ఓడిపోయే హక్. వొజ్‌దాన్‌కి అది దొరకలేదు.

*

జిల్లా పోటీల ఖబర్ రాగానే మా ఇంట్లో ఇంకో పోటీ షురూ అయ్యింది.

మా బహనోయి, అంటే చోటీ నాన్న, పల్లె నుంచి ఫోన్. "ఆపా, అంత మందిలో తల మీద కప్డా లేకుండా పిల్ల దొర్లుతుందా? నలుగురికీ ఏం జవాబ్ చెప్పాల?" అన్నాడు. చెడ్డోడు కాదు. డ్రెస్‌కి డబ్బులు పంపింది అతనే. అతని భయం పిల్ల గురించి కాదు, ఆ నలుగురి గురించి.

మా స్టాఫ్‌రూమ్‌లో ఇంకో రకం. ఒక తోటి టీచర్ "ఇంకా ఎన్నాళ్ళు మేడమ్ ఆ గుడ్డ? ఆటకైనా తీయించండి. అప్పుడే కదా పిల్లకి ఆజాదీ" అన్నాడు. ఆజాదీ మాట నాకోసం ఉర్దూలో అన్నాడు. అంతకు ముందు రోజు అదే సారు తన కూతుర్ని ఈత నేర్చుకోవడానికి పంపను, నల్లబడిపోతుందని చెప్పాడు. నేను యాది చెయ్యలేదు. ఊరుకున్నా.

ఇంక నా సంగతి. నేను బడికి చీరలో పోతా, బజారుకి దుపట్టా వేసుకుంటా, పెళ్ళిళ్ళలో తల కప్పుకుంటా. మా ఇంట్లో దీని మీద జబర్దస్తీ ఎప్పుడూ లేదు. కాబట్టి నేను నిష్పక్షపాతం అనుకునేదాన్ని. అల్లా సాక్షిగా చెప్తున్నా, నా మనసులోనూ ఒక మూల, పిల్ల ఆ టోపీ తీసేసి ఆడితే స్టాఫ్‌రూమ్‌లో తల ఎత్తుకోవచ్చన్న ఆశ ఉండింది. అంటే నా ఇజ్జత్ కూడా నేను దాని నెత్తినే పెట్టా. బహనోయికి, నాకు తేడా ఏముంది? ఆయన కప్పమన్నాడు, నేను పైకి అనకుండా తీయమన్నా.

ఒక రాత్రి అన్నం తింటుంటే మళ్ళీ అదే చర్చ. అమ్మీ ఒకటంటోంది, నేనొకటంటున్నా, ఫోన్లో స్పీకర్ పెట్టి బహనోయి ఇంకొకటి. చోటీ కంచంలో చెయ్యి కడుక్కుని లేచింది. "ఖాలా, నెల నుంచి అందరూ నా తల గురించే మాట్లాడుతున్నారు. నా ఓ-సోటో-గారి ఎట్లుందో ఒక్కరన్నా అడిగినారా?" అని లోపలికి పోయింది.

ఓ-సోటో-గారి అంటే ఎదుటివాళ్ళ కాలుని బయట వైపు నుంచి కోసినట్టు ఊడ్చి వెనక్కి పడేసే పట్టు. నాకు అప్పటికి తెలీదు. ఫోన్లో బహనోయి "అంటే ఏంది?" అన్నాడు. ఎవరం జవాబ్ చెప్పలేకపోయాం.

*

ఆ రాత్రి దాని గదికి పోయి కూర్చున్నా. ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ చూపించింది. లెక్కల పుస్తకం అనుకున్నా. లోపలంతా రిజల్ట్స్. ఎప్పటి నుంచి రాస్తోందో! అందులో కొసోవో మజ్లిందా కెల్మెండికి ఒక పేజీ మొత్తం. 2016 రియోలో యాభై రెండు కేజీల ఫైనల్లో ఇటలీ ఒడెట్ జుఫ్రీదాని ఓడించి బంగారం. ఆ దేశానికి అదే మొట్టమొదటి ఒలింపిక్ పతకం. దాని కింద 2021లో టోక్యోలో అదే దేశం అమ్మాయిలు ఇద్దరు, దిస్త్రియా క్రాస్నిచి, నోరా జాకోవా, ఇద్దరికీ బంగారమే. "ముగ్గురికీ ఒకే కోచ్ ఖాలా. ద్రితోన్ కూకా. చిన్న ఊరు" అంది. చిన్న ఊరు అన్నప్పుడు దాని గొంతు మారింది.

ఇంకో పేజీలో మనవాళ్ళు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో సుశీలా దేవి నలభై ఎనిమిది కేజీల్లో రజతం, తూలికా మాన్ డెబ్భై ఎనిమిది పైన రజతం, విజయ్ కుమార్ యాదవ్ అరవైలో కాంస్యం. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో చూపు సరిగా లేని కపిల్ పర్మార్ కాంస్యం, జూడోలో మనకి మొదటి పారాలింపిక్ పతకం.

పుస్తకం తిప్పుతుంటే ఒకచోట పేరు కనిపించి చెయ్యి ఆగిపోయింది. నేనెప్పుడో ఆ ఇఫ్తార్ కథ చెప్పి ఉంటా. అది రాసుకుంది ఇంతే:

"లండన్ 2012. +78. మొహికా (ప్యూర్టో రికో) చేతిలో వొజ్‌దాన్ (సౌదీ) ఓటమి. ఇప్పన్. 1 నిమిషం 22 సెకన్లు. బంగారం: ఇదాలిస్ ఓర్తీజ్ (క్యూబా)."

టోపీ మాటే లేదు. ఆ రోజు ఆ విభాగంలో బంగారం ఎవరు గెలిచారో నాకు పన్నెండేళ్ళు తెలీదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఈ పిల్లకి తెలుసు.

దాని కింద పేజీలో ఒక పేరుకి ఎదురుగా గడి ఖాళీ. మిఫ్తాహుల్ జన్నత్. ఇండోనేషియాలో ఆచే నుంచి. చూపు లేని అమ్మాయి. 2018 అక్టోబర్‌లో జకార్తాలో ఏషియన్ పారా గేమ్స్, సొంత దేశంలోనే. చాప దాకా వచ్చింది. హిజాబ్ తీయమన్నారు, తీయనంది. ఆడకుండానే డిస్‌క్వాలిఫై చేశారు. "ఈమెకి రిజల్టే లేదు ఖాలా. ఓడిపోయిందని కూడా రాయడానికి లేదు" అంది చోటీ.

నేను అడిగా. ఇన్నాళ్ళకి మొదటిసారి సీదాగా అడిగా. "నువ్వేం చేస్తావు?"

కొంచెంసేపు ఆలోచించింది. "నాకు టోపీతోనే అలవాటు. దాంతోనే ఆడతానని అడుగుతా. నేలమీద పట్టేటప్పుడు స్కార్ఫ్ మెడకి బిగుసుకుంటే ప్రమాదమే, అది నిజం. రూల్ ఊరికే పెట్టలేదు. కానీ టోపీ బిగుసుకోదు కదా. ఒప్పుకోకపోతే అప్పుడు నేను ఫైసలా చేస్తా. మీరు చెయ్యొద్దు."

పద్నాలుగేళ్ళ పిల్ల. రూల్‌కి ఇవ్వాల్సిన జవాబ్ రూల్‌కి ఇచ్చింది, మాకు ఇవ్వాల్సింది మాకిచ్చింది.

రూల్స్ ఆకాశం నుంచి దిగిన ఫర్మానాలు కావని నాకూ తర్వాత చదివితేనే తెలిసింది. నీలం జూడోగి ముందు లేదు, ఇద్దరూ తెల్లదే వేసుకునేవాళ్ళు. హాలెండ్ చాంపియన్ ఆంటన్ గేసింక్ 1986లో ఒకరు నీలం వేసుకుంటే చూసేవాళ్ళకి తేడా తెలుస్తుందన్నాడు. జపాన్ వాళ్ళు తెలుపు పవిత్రం అని పట్టుబట్టారు. అయినా 1997లో నీలం వచ్చేసింది. ఇంకా వెనక్కి పోతే అమెరికాలో రస్టీ కనొకోగి అనే ఆవిడ. 1959లో ఆడవాళ్ళని ఆడనిచ్చేవాళ్ళు కాదని, జుట్టు కత్తిరించి, ఛాతీ బిగించి కట్టుకుని మగవాళ్ళ జట్టులో ఆడి గెలిచింది. ఆడమనిషని తెలిసి మెడల్ వెనక్కి తీసుకున్నారు. ఆవిడే 1980లో న్యూయార్క్‌లో ఆడవాళ్ళ మొదటి ప్రపంచ పోటీలు జరిపించింది. మెడల్ మాత్రం 2009లో గానీ తిరిగి ఇవ్వలేదు. యాభై ఏళ్ళు!

వేరే ఆటలు కూడా దారి వెతుక్కున్నాయి. ఫుట్‌బాల్ 2014లో తలగుడ్డకి ఇజాజత్ ఇచ్చింది, బాస్కెట్‌బాల్ 2017లో. ఇటు పారిస్‌లో 2024లో ఫ్రాన్స్ రన్నర్ సుంకంబా సిల్లా ప్రారంభోత్సవంలో తన జట్టుతో నిలబడటానికి హిజాబ్ బదులు టోపీ పెట్టుకోవాల్సొచ్చింది. లండన్‌లో టోపీ, పారిస్‌లో టోపీ. పన్నెండేళ్ళలో ప్రపంచం టోపీ దగ్గరే నిలబడింది.

మనవాళ్ళని మాత్రం వదిలేద్దామా? 2005లో సానియా మీర్జా స్కర్టు మీద ఫత్వా ఇచ్చారు. నిజామాబాద్ నిఖత్ జరీన్ షార్ట్స్ వేసుకుంటే ఇరుగుపొరుగు అన్న మాటల గురించి వాళ్ళ అబ్బానే చెప్పాడు. 2022లో ప్రపంచ చాంపియన్ అయ్యాక అవే నోళ్ళు మాషా అల్లా అన్నాయి. గెలిచాక అన్నీ హలాలే. ఓడిపోయే పిల్లలకే కష్టం. నాకు ఫికర్ వాళ్ళ గురించే.

*

పోటీలు ఒక కాలేజీ ఇండోర్ హాల్లో. ముందు రోజు రాత్రి డ్రెస్ తెల్లగా మెరవాలని నేను మరగకాచిన నీళ్ళలో సోడా వేసి నానబెట్టా. రంగు నిజంగానే మెరిసింది.

పొద్దున్నే బరువు చూశారు. తర్వాత డ్రెస్ చెకింగ్ టేబుల్. నా గుండె దడదడ. దుపట్టా కొస నలుపుతూ ఆయతల్ కుర్సీ చదువుతున్నా. చెక్ చేసే రెఫరీ పెద్దాయన, నుదుట బొట్టు, తెల్ల మీసాలు. చోటీ టోపీ చూశాడు. నేను చెప్పాల్సిన దలీల్ అంతా నోట్లో సిద్ధంగా పెట్టుకున్నా. చోటీయే ముందు మాట్లాడింది. "సర్, ఇది మెడ దాకా రాదు, పిన్నులు లేవు, చూడండి" అని తల వంచింది. ఆయన వేళ్ళతో టోపీ అంచు తడిమాడు. పక్కనున్న ఇంకో ఆయనతో ఏదో మాట్లాడాడు. "ఇక్కడికి సరేమ్మా. పై పోటీల్లో ఒప్పుకుంటారని నేను మాటివ్వలేను. ముందే రాసి అడుగు" అన్నాడు. చోటీ "సరే సర్" అంది.

నెల రోజుల జంగ్ అర నిమిషంలో తేలిపోయింది. నేను అల్హమ్దులిల్లా అనుకుని ఊపిరి వదిలేలోపే ఆయన "చేతులు చాపు" అన్నాడు.

చాపింది. గుడ్డ మణికట్టుకి బొటనవేలంత పైనే ఆగిపోయింది.

"పొట్టిదమ్మా. దీంతో కుదరదు."

చోటీ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశా. పిల్ల తలని కప్పాలా విప్పాలా అని ఇంటిల్లిపాదీ కొట్టుకున్నాం గానీ, నూలు బట్ట వేడినీళ్ళలో కుంచించుకుపోతుందని ఒక్కరికీ తట్టలేదు. ఆ పిల్ల ఆటకి నిజంగా అడ్డొచ్చింది వాళ్ళ నాన్న కాదు, స్టాఫ్‌రూమ్ సారు కాదు, రెఫరీ కాదు. వాళ్ళ ఖాలా, సోడా.

పదిహేను నిమిషాల టైమిచ్చారు. వేరే బడి నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన ఆట అయిపోగానే డ్రెస్ విప్పి ఇచ్చింది. చోటీ కంటే ఒక సైజు పెద్దది, ఇంకా చెమటతో తడిగా ఉంది. పేరు అడుగుదామనుకునే లోపు ఆ పిల్ల టీషర్టు మీదే అరటిపండు తింటూ గ్యాలరీలోకి పోయింది. నీలం డ్రెస్‌లు అంత మందికి ఎక్కడివి? రెండో వైపు వాళ్ళకి నడుముకి ఎర్ర పట్టీ కట్టి ఆడించారు. చోటీకి ఎర్ర పట్టీ వచ్చింది.

హజిమే అన్నాడు రెఫరీ. మొదలు.

వదులు కోటు ఎదుటి పిల్లకి పండగైపోయింది. ఎక్కడ పట్టినా గుడ్డే. చోటీ రెండుసార్లు విడిపించుకుంది. ఒకసారి తన ఓ-సోటో-గారికి కాలు వేసింది. నేను ఆ కాలు చూశా, ఈసారి పేరు తెలిసి చూశా. ఆ పిల్ల ఊగింది, పడలేదు. మరుసటి క్షణం చోటీ గాల్లో ఉంది. ధబ్. ఇప్పన్. నిమిషం కూడా కాలేదు.

పడుతూ అరచేత్తో చాపని కొట్టింది. బొంత మీద కొట్టినట్టే. లేచి, కోటు సర్దుకుని, బెల్టు బిగించుకుని, వంగి సలాం చేసింది. టోపీ కదల్లేదు. అసలు టోపీ సంగతి ఆ నిమిషంలో నాకు యాదే లేదు. హాల్లో ఎవరికీ యాది ఉన్నట్టు లేదు.

బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను ఓదారుద్దామని "పోనీలే బేటా, టోపీతో ఆడనిచ్చారు, అదే పెద్ద జీత్" అన్నా. తల ఎత్తి ఎర్రటి కళ్ళతో చూసింది. "అదేం జీత్ ఖాలా? నేను ఓడిపోయినా. ఎడమ చెయ్యి గ్రిప్ దొరకలేదు. అందుకు ఏడుస్తున్నా. నన్ను ఏడ్వనియ్యండి."

ఏడ్వనిచ్చా.

ఇంటికొచ్చేసరికి ఫోన్లు. బహనోయి మొదటి మాట, "టోపీ ఉంచినారా?" మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో మొదటి మాట, "తీయించారా మేడమ్?" ఇద్దరికీ ఒకే జవాబ్ చెప్పా. "మొదటి రౌండ్లో ఓడిపోయింది. ఎడమ చెయ్యి గ్రిప్ దొరకలేదట." ఇద్దరూ కాసేపు ఏమీ అనలేదు. వాళ్ళడిగింది అది కాదు మరి.

అమ్మీ ఒక్కటే గుమ్మంలోనే పట్టుకుని "గట్టిగా పడినావా బేటా? నడుముకి తగిలిందా?" అని వీపంతా తడిమింది. చోటీ "లేదు నానీ, మంచిగా పడినా" అని వరండాలో బొంత పరిచి చూపించింది. ధబ్. అమ్మీ ఉలిక్కిపడి, తర్వాత "ఇంకోసారి" అంది.

రాత్రి నోట్‌బుక్ తీసి కొత్త పేజీలో రాసుకుంది. విభాగం, ఎదుటి పిల్ల పేరు, తన పేరు, ఓటమి, ఇప్పన్, 54 సెకన్లు. నేను పక్కన నిలబడి చూస్తున్నా. రాసి కిందగా గీత కొట్టింది. గీత కింద ఇంకో లైన్: "డ్రెస్ చల్లనీళ్ళలోనే ఉతకాలి. ఖాలాకి ఇవ్వొద్దు."

కొత్తది కొన్నాం. రెండు సైజులు పెద్దది. ఆదివారాలు అదే ఉతుక్కుంటోంది. రాష్ట్ర సంఘానికి టోపీ గురించి ఒక అర్జీ కూడా రాసింది, దాని దస్తూరీతోనే. అక్షర దోషాలు మాత్రం నన్ను దిద్దమంది. దిద్దా. ఇంకేమీ కలపలేదు.